కార్-టీ సెల్స్ ఎక్కించాక ఐసీయూ: ఇంట్లోవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

"సిస్టర్, నాన్నని ఐసీయూలోకి మార్చారు. ఇంక ఆశ లేనట్టేనా?"

బ్లడ్ క్యాన్సర్‌కి కార్-టీ చికిత్స చేయించుకుంటున్నవాళ్ల ఇళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే. పటమట నుంచి వస్తుంది, పొన్నూరు నుంచి వస్తుంది, నరసరావుపేట నుంచి వస్తుంది. నాది తెనాలి. హైదరాబాద్‌లో ఇలాంటి పేషెంట్లని చూసుకునే ఐసీయూలో నర్సుగా పనిచేసి, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. విడివిడిగా ఎంతమందికి చెప్పినా మళ్లీ అదే ప్రశ్న వస్తోంది. అందుకే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నకి జవాబు. ఆశ లేదని కాదు. ఈ చికిత్సలో కొంతమందికి ఐసీయూ అవసరం పడుతుందని డాక్టర్లకి ముందే తెలుసు. పేషెంటు ఒంట్లోంచి టీ సెల్స్ అనే రక్షక కణాలు తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా ల్యాబ్‌లో మార్చి, తిరిగి ఎక్కిస్తారు. అవి లోపల పోరు మొదలుపెట్టినప్పుడు వెలువడే రసాయనాల వల్ల జ్వరం వస్తుంది, బీపీ పడిపోవచ్చు, ఆక్సిజన్ తగ్గవచ్చు. దీన్ని సీఆర్ఎస్ అంటారు. మెదడు మీద ప్రభావం పడి మాట, రాత, తెలివి తడబడితే ఐకాన్స్ అంటారు. ఈ రెండు పేర్లు గుర్తుంటే చాలు, ఐసీయూలో మీ చెవిన పడే మాటల్లో సగం అర్థమవుతాయి.

2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకి ఈ చికిత్స చేశారు. పిల్లల్లో ఆమే మొదటిది. సీఆర్ఎస్ ముదిరి వెంటిలేటర్ దాకా వెళ్లింది. కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చాక తేరుకుంది, తన ఏడో పుట్టినరోజు నాడు కళ్లు తెరిచింది. ఈరోజు ప్రతి కార్-టీ వార్డులో ఆ మందు ఉండటానికి కారణం ఆ పాపే. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్లు 2. ఒకటి మొరాయిస్తే రెండోది ఉండాలి.
- గీతలున్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి, రెండు బాల్ పెన్నులు.
- పేషెంటు కళ్లజోడు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు. వీటి సంగతి కింద చెప్తాను.
- బీపీ మిషన్, వేలికి పెట్టే ఆక్సీమీటర్. ఇవి డిశ్చార్జ్ తర్వాత కావాలి.
- ఇప్పటిదాకా వాడిన మందులన్నిటి జాబితా. షుగరు, బీపీ, థైరాయిడ్, ఫిట్స్ మందులు ఏవీ వదలొద్దు.
- రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వగలిగిన నలుగురి ఫోన్ నంబర్లు.
- వంతులవారీగా ఉండే ఇద్దరు మనుషులు. ఒక్కరే అంటే వారం తిరిగేసరికి వాళ్లే పడిపోతారు.

1. సంతకం పెట్టే ముందే ఆసుపత్రిలో ఇవి అడగండి

ఐసీయూ ఇదే బిల్డింగ్‌లో ఉందా? రాత్రి రెండింటికి జ్వరం వస్తే చూసే డాక్టరు ఎవరు, ఫోన్‌లోనా ఎదురుగానా? టోసిలిజుమాబ్ మీ ఫార్మసీలో ఉందా? సెల్స్ ఎక్కించే ముందే ఒక్కో పేషెంటు పేరున కనీసం 2 డోసులు సిద్ధంగా ఉండాలి. అప్పటికప్పుడు బయట మందుల షాపుకి చీటీ పట్టుకుని పరిగెత్తే మందు కాదు అది. న్యూరాలజిస్టు, మెదడు పనితీరు చూసే ఈఈజీ మిషన్ అందుబాటులో ఉన్నాయా?

ఇంకొకటి డబ్బు. సెల్స్ ఖర్చు వేరు, ఐసీయూ రోజుల ఖర్చు వేరుగా ఉంటుంది చాలాచోట్ల. ప్యాకేజీలో ఐసీయూ ఎన్ని రోజులు కలిసి ఉందో కాగితం మీద రాయించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ, సీఎం సహాయ నిధి లాంటివాటికి అడగదలిస్తే చికిత్స మొదలుకాక ముందే అడగాలి. తర్వాత అడిగితే దారులు తగ్గిపోతాయి.

2. మామూలుగా ఉన్నప్పుడే పరీక్ష పెట్టి రాసుకోండి

నేను రాసినదాంట్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి.

మెదడు మీద ప్రభావం పడిందా లేదా అని నర్సులు రోజుకి రెండు మూడుసార్లు 10 మార్కుల పరీక్ష పెడతారు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, మనం ఏ ఊళ్లో ఉన్నాం, ఏ ఆసుపత్రి అనేవాటికి 4 మార్కులు. మూడు వస్తువులు చూపించి పేర్లు అడిగితే 3. చెప్పిన పని చేస్తే, అంటే "కళ్లు మూసుకుని నాలుక బయట పెట్టండి" లాంటిది, 1. ఒక వాక్యం రాస్తే 1. వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెడితే 1. మార్కులు 7 నుంచి 9కి వస్తే ఐకాన్స్ మొదటి దశ, 3 నుంచి 6 అయితే రెండోది, 2 లేక అంతకన్నా తక్కువ అయితే మూడోది. లేపినా లేవకపోతే నాలుగోది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సుకి తెలుగు రాకపోవచ్చు. మన పెద్దవాళ్లకి ఇంగ్లిషు, హిందీ రాకపోవచ్చు. ఏ నెల అంటే "మాఘమాసం" అంటారు. అది సరైన జవాబే, కానీ రాసుకునే మనిషికి తెలియాలి కదా. ఆసుపత్రి పేరు మామూలు రోజుల్లో కూడా నోరు తిరగనివాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకి తొలిరోజు మార్కే 9 అవుతుంది. అది జబ్బు కాదని చార్టులో రాసి ఉండాలి.

అందుకని సెల్స్ ఎక్కించడానికి ముందు రోజు, నర్సుని పక్కన పెట్టుకుని మీరే తెలుగులో అడగండి. జవాబులు నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. రాయించే వాక్యం పేషెంటు సొంత మాటల్లో ఉండాలి. అక్షరాలు ఎక్కువగా, గుణింతాలు ఒత్తులు కలిసేలా ఎంచుకోండి. రోజూ అదే వాక్యం, అదే నోట్‌బుక్, పైన తేదీ, టైము. చదువు రానివాళ్లయితే సంతకమో, ముగ్గులో ఒక చుక్కల వరసో వేయించండి. లెక్క రాకపోతే "నీ దగ్గర వంద రూపాయలున్నాయి, పది ఖర్చయింది, ఇంకెంత?" అని అడగండి. ఏ పద్ధతైనా ముందే డాక్టరుకి చెప్పి ఖాయం చేసుకోండి. మధ్యలో మారిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.

కళ్లజోడు లేకుండా రాయించకండి. వినికిడి మిషన్ లేకుండా అడగకండి. ఐసీయూలోకి మార్చే హడావుడిలో ఇవి వార్డు అలమరలోనే ఉండిపోతాయి. తర్వాత అక్షరం వంకర పోతే అది మెదడు వల్లా, చూపు ఆనకా అని తేల్చుకోవడం కష్టం.

ఒక రైతు గారి సంగతి చెప్తాను. రోజూ రాసే వాక్యం "మా పొలం ఎకరం ముప్పావు, కాలవ కింద ఉంది." ఐదు రోజులు గుండ్రంగా రాశారు. ఆరో రోజు పొద్దున నేను "బాగున్నారా బాబాయ్ గారూ?" అంటే తలూపారు. ఊరు చెప్పారు, నెల చెప్పారు. సరేనని చార్టు వేయబోయాను. ఆయన భార్య నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. "ఇది చూడమ్మా. ఈయన చేతిరాత ఇది కాదు." తలకట్లు ఒక్కటీ లేవు. "పొలం"లో సున్నా రెండుసార్లు పెట్టారు. "కాలవ" గీత కిందికి జారిపోయింది. పెన్ను చూపించి ఇదేమిటంటే "అది... అదేనమ్మా, రాసేది" అన్నారు. వెంటనే డాక్టర్‌ని పిలిచాం, స్టెరాయిడ్ మొదలైంది. కొద్ది రోజులకి తలకట్లు తిరిగొచ్చాయి. తలూపుడు చూసి నేను దాదాపు పొరబడ్డాను. ఆవిడ పొరబడలేదు.

3. సెల్స్ తీసేముందు, ఎక్కించేముందు

డాక్టరు రాయకుండా స్టెరాయిడ్ వద్దు. డెక్సా, ప్రెడ్నిసలోన్, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే "పవర్ ఇంజెక్షన్", ఏదైనా సరే. టీ సెల్స్‌ని దెబ్బతీస్తుంది. బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ కషాయం కూడా ఆపేయండి. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ప్రేమతో తెచ్చి ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎవరికీ కోపం రాకుండా "డాక్టరు వద్దన్నారు" అని నా మీద కాకపోతే డాక్టరు మీద పెట్టి చెప్పండి.

రక్తం ఎక్కించాల్సి వస్తే ఇర్రేడియేట్ చేసినదే కావాలి. ఇర్రేడియేట్ అంటే రేడియేషన్ ఇచ్చిన రక్తం. ఆ మాట ఫైలు అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాయండి.

సెల్స్‌కి ముందు మూడు నాలుగు రోజులు కీమో ఉంటుంది. సెల్స్ ఎక్కించడం చిన్న సంచితో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. "ఇంతేనా?" అంటారు అందరూ. అంతే. అసలు పని ఆ తర్వాత.

4. జ్వరం వస్తే గడియారం చూసి టైము రాయండి

100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ వచ్చినా, దాటినా జ్వరం కిందే లెక్క. సీఆర్ఎస్ ఎక్కువగా మొదటి రెండు వారాల్లో కనిపిస్తుంది.

ఎప్పుడూ ఒకేచోట చూడండి. చంకలో అయితే ఎప్పుడూ చంకలోనే. ఒకసారి నోట్లో, ఒకసారి చంకలో చూస్తే పెరిగిందో తగ్గిందో తెలియదు. వేడి కాఫీ తాగితే 20 నిమిషాలు ఆగాలి. మలద్వారంలో పెట్టి చూడొద్దు, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు రక్తం కారుతుంది, ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతుంది.

జ్వరం చూడకుండా పారాసెటమాల్ వేయకండి. "కాస్త వెచ్చగా ఉంది, ఒక డోలో వేశాను, పొద్దున చెబుదామనుకున్నాను." ఈ మాట విన్న ప్రతిసారీ నా గుండె ఝల్లుమంటుంది. ఆ రాత్రి పోయిన ఆరు గంటలు తిరిగి రావు.

జ్వరం చెప్పగానే డాక్టర్లు రెండు పనులు కలిపి చేస్తారు. రక్తం కల్చర్‌కి (క్రిములున్నాయేమో చూసే పరీక్షకి) పంపి యాంటీబయాటిక్ మొదలుపెడతారు, ఎందుకంటే తెల్లకణాలు తక్కువున్న మనిషికి ఇన్‌ఫెక్షన్ జ్వరం, సీఆర్ఎస్ జ్వరం చూడటానికి ఒకేలా ఉంటాయి. పక్కనే బీపీ, ఆక్సిజన్ చూస్తూ టోసిలిజుమాబ్ ఇవ్వాలా అన్నది తేలుస్తారు. "ఏ జబ్బో తేల్చకుండా అన్నీ ఇచ్చేస్తున్నారు" అని అనుమానపడకండి. ఇక్కడ అలాగే చేయాలి.

5. ఐసీయూకి మార్చినప్పుడు

జ్వరం ఒక్కటే ఉంటే సీఆర్ఎస్ మొదటి దశ. బీపీ తగ్గినా సెలైన్‌తో నిలబడితే, లేదా ముక్కు గొట్టంతో కొద్దిపాటి ఆక్సిజన్ సరిపోతే రెండోది. బీపీ నిలబెట్టడానికి నోర్‌అడ్రినలిన్ లాంటి మందు ధారగా పెట్టాల్సి వస్తే, లేదా హై ఫ్లో ఆక్సిజన్ కావాల్సి వస్తే మూడోది. అలాంటి మందులు ఒకటికి మించి కావాల్సి వచ్చినా, వెంటిలేటర్ అవసరమైనా నాలుగోది. కొన్నిచోట్ల రెండో దశలోనే ముందుజాగ్రత్తగా మార్చేస్తారు. అది మంచిదే. ఆలస్యంగా మార్చే ఆసుపత్రికన్నా తొందరపడే ఆసుపత్రి నయం.

లోపల మీకు కనిపించేవి: మణికట్టు దగ్గర సన్నని గొట్టం, అది క్షణక్షణం బీపీ చూపిస్తుంది. మెడ దగ్గర లైను, మందులు వెళ్లేది. మిషన్ మోతలు. ప్రతి మోతకీ బెదిరిపోకండి, వేలికున్న క్లిప్ జారినా మోగుతుంది. మాట మందగించి గొంతులో పడినది శ్వాసలోకి పోయే ప్రమాదం ఉంటే, ఊపిరితిత్తులు బాగున్నా వెంటిలేటర్ పెడతారు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ రోజు మీ కాళ్లు వణకవు.

మీ పని ఏమిటంటే: చేతులు కడుక్కుని, మాస్క్ వేసుకుని, ఒక్కరే వెళ్లండి. పూలు, కుంకుమ, విభూతి, ప్రసాదం లోపలికి వద్దు. పూలలో, మట్టిలో ఉండే బూజు ఈ మనిషికి ప్రాణాంతకం కావచ్చు. దుర్గమ్మ కుంకుమ మీరు పెట్టుకోండి, ఆ తల్లి లోపలికీ చూస్తుంది. మంచం పక్కన మామూలు తెలుగులో మాట్లాడండి. ఈరోజు ఏ వారం, పొద్దున్నా రాత్రా, ఇంట్లో గేదె ఈనిందా, మనవరాలు స్కూలుకెళ్లిందా. ఐసీయూ లైట్ల కింద పగలు రాత్రి తేడా పోతుంది, మీ మాటలే ఆ తేడా తెచ్చిపెడతాయి.

లోపలికి రానివ్వని ఐసీయూ అయితే రోజుకి ఒకసారి వీడియో కాల్ అడగండి. అదీ కాదంటే నోట్‌బుక్ నర్సు చేతికిచ్చి, పొద్దున సాయంత్రం రాసిన పేజీని ఫోటో తీసి పంపమనండి. ఆ రాత గుర్తుపట్టగలిగేది మీరొక్కరే.

6. రోజూ డాక్టర్‌ని అడగాల్సినవి

"ఎలా ఉన్నారు?" అని అడిగితే "అలాగే ఉన్నారు" అనే వస్తుంది. ఇలా అడగండి:

- ఈరోజు సీఆర్ఎస్ ఏ దశ, నిన్న ఏ దశ?
- బీపీ మందు నిన్నటికన్నా తగ్గిందా? ఆక్సిజన్ ఎన్ని లీటర్లు?
- 10 మార్కుల్లో ఎన్ని?
- మూత్రం సరిగా వస్తోందా, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) ఎంత?
- సీఆర్‌పీ, ఫెరిటిన్ (లోపలి పోరు ఎంత ఉందో చూపే రక్త పరీక్షలు) పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా?
- కల్చర్‌లో ఏమైనా తేలిందా?

జవాబులు తేదీ వేసి రాసుకోండి. ఒక్కరోజు అంకె చూసి సంతోషించనూ వద్దు, కుంగిపోనూ వద్దు. మూడు రోజుల వరస చూడండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. టోసిలిజుమాబ్ ఇచ్చాక కొన్ని గంటల్లో జ్వరం దిగుతుంది, సీఆర్‌పీ కూడా పడిపోతుంది. "తగ్గిపోయింది" అని ఊరికి ఫోన్లు చేసేస్తారు. కానీ ఆ మందు జ్వరాన్ని, సీఆర్‌పీని కప్పేస్తుంది. లోపల కొత్త ఇన్‌ఫెక్షన్ మొదలైనా జ్వరం రాకపోవచ్చు. కాబట్టి ఆ తర్వాత నమ్మాల్సింది బీపీ, నాడి, మూత్రం, తెలివి. ఇంకోటి, ఈ మందు మెదడులోకి సరిగా చేరదు. ఐకాన్స్‌కి స్టెరాయిడే ప్రధానం. ముందు స్టెరాయిడ్ వద్దన్నవాళ్లే ఇప్పుడెందుకు ఇస్తున్నారని గొడవపడకండి. ఇప్పుడు ఆ పోరుని కాస్త అణచడమే మందు.

జ్వరం దిగాక మాట తడబడటం కొత్తగా మొదలవ్వచ్చు. జ్వరం పోయిందని రాత పరీక్ష మానొద్దు. చేతులు వణకడం, పేర్లు తట్టకపోవడం, అడిగినదానికి ఒకే జవాబు మళ్లీ మళ్లీ చెప్పడం, పగలంతా మగత. ఇందులో ఏది కనిపించినా అప్పుడే చెప్పండి, రౌండ్స్ దాకా ఆగకండి.

7. ఐసీయూ నుంచి వార్డుకి, వార్డు నుంచి గదికి

డిశ్చార్జ్ అంటే ఇంటికని కాదు. సెల్స్ ఎక్కించాక కొన్ని వారాలు, ఎన్నన్నది సెంటర్‌ని బట్టి, ఆసుపత్రికి రెండు గంటల లోపు చేరుకునే దూరంలో ఉండమంటారు. హైదరాబాద్ నుంచి విజయవాడ 5 గంటలు. సంక్రాంతి రోజుల్లో పంతంగి టోల్‌గేటు దాటడానికే గంట పడుతుంది. "మన కారు ఉందిగా" అనుకుని ముందే వచ్చేయకండి. ఆసుపత్రి దగ్గరే వంటగది ఉన్న గది తీసుకోండి. గదిలో రోజుకి మూడుసార్లు జ్వరం, రెండుసార్లు బీపీ, ఒకసారి రాత.

వేడిగా వండినవే పెట్టండి. పచ్చి కొబ్బరి పచ్చడి, కోసి పెట్టిన పళ్లు, బయటి చెరుకు రసం వద్దు.

8. ఊరికి వచ్చాక

రక్తకణాలు వారాల తరబడి, కొందరికి నెలల తరబడి తక్కువగానే ఉంటాయి. చూడటానికి వచ్చే చుట్టాలని గుమ్మం బయట నుంచే పలకరించమనండి. మిరప కోతల కాలంలో కల్లం దగ్గరికి, యార్డు వైపుకి వెళ్లనివ్వకండి. ఇల్లు కట్టేచోట దుమ్ము కూడా అంతే. డాక్టరు రాసిన తేదీ వచ్చేదాకా బండి, కారు, ట్రాక్టరు తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఎన్ని వారాలన్నది సెంటర్‌ని బట్టి మారుతుంది. ఆలస్యంగా కూడా మగత, తడబాటు రావచ్చు.

జ్వరం వస్తే ఆర్ఎంపీ దగ్గరికి వద్దు. రాత్రయినా సరే, మీకు కార్-టీ చేసిన సెంటర్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. అందుకే ఊరికి రాగానే, జ్వరం లేని రోజునే, విజయవాడలోనో గుంటూరులోనో ఒక హెమటాలజీ (రక్త జబ్బులు) లేక ఆంకాలజీ (క్యాన్సర్) డాక్టర్‌ని కలిసి ఫైలు చూపించి రండి. అర్ధరాత్రి పూట కొత్త మనిషికి మొదటి నుంచి కథ చెప్పే పని తప్పుతుంది.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఈ చికిత్స అయినవాళ్లని అంతకు ముందు చూసి ఉండకపోవచ్చు. ఈ నాలుగు మాటలు ఒక కార్డు మీద రాసి, పేషెంటు జేబులో ఒకటి, మీ పర్సులో ఒకటి పెట్టుకోండి:

"ఈయనకి ఫలానా తేదీన కార్-టీ సెల్స్ ఎక్కించారు. ఇప్పుడు జ్వరం ఇంత, మొదలై ఇన్ని గంటలైంది. ప్రాణం మీదికి వస్తే తప్ప, మా సెంటర్ డాక్టరుతో మాట్లాడకుండా స్టెరాయిడ్ ఇవ్వొద్దు; నంబరు ఇది. రక్తం ఎక్కించాల్సి వస్తే ఇర్రేడియేట్ చేసినదే కావాలి. కండకి ఇంజెక్షన్లు వద్దు."

నంబరు రాసేచోట ఆసుపత్రి రిసెప్షన్‌ది రాయకండి. రాత్రి ఎత్తే డాక్టరుది అడిగి తీసుకోండి. డిశ్చార్జ్ రోజు ఆసుపత్రి గేటు దాటకముందే ఒకసారి ఆ నంబరుకి ఫోన్ చేసి, మోగుతోందో లేదో చూసుకోండి.